గర్భసంచి జారి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో మొదటి మూడు నెలలు

గర్భసంచి కిందికి జారినప్పుడు మన దగ్గర ఎక్కువగా చేసేది కింది నుంచి చేసే ఆపరేషన్. గర్భసంచి తీసేసి, ముందు వైపు జారిన మూత్రసంచినీ వెనక వైపు ఉబ్బిన మలాశయాన్నీ లోపలికి సర్ది, ఆ గోడలు బిగించి కుడతారు. పొట్ట మీద గాటు ఉండదు. కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. పదిహేను రోజులు తిరిగేసరికి నొప్పి తగ్గుతుంది, మొహం తేరుకుంటుంది. కుట్లు ఎవరికీ కనపడవు. దాంతో ఇంట్లోవాళ్లకే కాదు, ఆపరేషన్ అయిన మనిషికి కూడా ఇక అంతా బాగైపోయిందనిపిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

లోపల వాడే దారం ఎక్కువగా కరిగిపోయే రకం. నాలుగైదు వారాలకు దాని పట్టు దాదాపు పోతుంది. పూర్తిగా కరగడానికి రెండు, రెండున్నర నెలలు పడుతుంది. గాయం మానే చోట కొత్త కండ మాత్రం అంత వేగంగా గట్టిపడదు. మూడు వారాలకు మామూలు బలంలో నాలుగో వంతు దగ్గర ఉంటుంది, 80 శాతానికి చేరడానికి మూడు నెలలు కావాలి. దారం ఇక్కడ స్లాబు కింద పెట్టే సెంట్రింగ్ లాంటిది. తేడా ఒక్కటే, స్లాబు ఇంకా పచ్చిగా ఉండగానే ఈ సెంట్రింగ్ తనంతట తాను కరిగిపోతుంది. అందుకని మూడో వారం నుంచి ఆరో వారం దాకా అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. సరిగ్గా అప్పుడే ఒంట్లో బాగుండి, పనిలోకి దిగాలనిపిస్తుంది.

కాబట్టి ఈ మూడు నెలలూ చూసుకోవలసింది కింది కుట్ల మీద ఒత్తిడి పడకుండా. ఆ ఒత్తిడి తెచ్చేవి నాలుగు: బరువు ఎత్తడం, మోషన్‌కి ముక్కడం, ఆగని దగ్గు, గొంతుక్కూర్చోవడం. మంచం దిగకుండా పడుకోమని దీని అర్థం కాదు. నడవాలి, తినాలి, నలుగురితో కూర్చుని మాట్లాడాలి. బరువు పనులు మాత్రం ఇంకొకరు చెయ్యాలి. ఇక్కడ చెప్పేవి సాధారణంగా పాటించేవి. మీ డిశ్చార్జి కాగితంలో వేరేగా రాసి ఉంటే దాన్నే పాటించండి, ఎందుకంటే లోపల ఏం కుట్టారో, ఏ దారం వాడారో మీ డాక్టరుకే తెలుసు.

ఇంటికి రాకముందే సర్దవలసినవి

ఆసుపత్రిలో ఉండగానే ఇంట్లో ఒకరు ఈ పనులు చూడాలి. మంచం కుర్చీ ఎత్తున ఉండాలి. నవారు మంచం, నులక మంచం మధ్యలో కుంగిపోతాయి, వాటిలోంచి లేవాలంటే పొట్ట బిగబట్టాల్సి వస్తుంది. నేల మీద చాప అసలు వద్దు. లేచేటప్పుడు వెల్లకిలా నుంచి నేరుగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, పక్కకి ఒత్తిగిల్లి, కాళ్లు మంచం దించి, మోచేత్తో అరచేత్తో పరుపుని నొక్కుతూ ఊపిరి వదులుతూ లేవాలి. పడుకునేటప్పుడు ఇదే తిరగేసి చెయ్యాలి.

దొడ్డి కింద కూర్చునే రకమైతే సర్జికల్ షాపులో కమోడ్ కుర్చీ గానీ, ఇండియన్ టాయిలెట్ మీద పెట్టే స్టాండు గానీ కొనండి. కాళ్లకు రబ్బరు బుష్‌లు ఉండాలి. తడి నేల మీద పెట్టి, ఇంట్లో బరువైన మనిషిని కూర్చోబెట్టి, అటూ ఇటూ కదలకుండా ఉంటేనే వాడండి. కూర్చున్నాక పాదాల కింద జానెడు ఎత్తు పీట ఒకటి వెయ్యాలి, దాని ఉపయోగం కింద చెబుతాం. స్నానానికి చిన్న పీట కాకుండా ఎత్తయిన ప్లాస్టిక్ స్టూలు పెట్టండి. బకెట్ నింపి ఇంకొకరు ఉంచాలి, మగ్గుతో పోసుకోవడం మీ పని.

వంటింట్లో రోజూ కావలసిన డబ్బాలు నడుము ఎత్తుకు తెచ్చి పెట్టండి. కింది అరలో ఉన్నదాని కోసం వంగి లాగడం, పై అరలో ఉన్నదాని కోసం నిక్కి దించడం, రెండూ కుట్ల మీదే పడతాయి. కత్తిపీట పక్కన పెట్టి, టేబుల్ మీద చాకుతో తరుక్కోండి.

మోషన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి

ఇంట్లో ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఇదే. మత్తు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు, తిండి తగ్గడం, కదలకపోవడం, అన్నీ కలిసి పేగుల్ని బద్ధకం చేస్తాయి. దానికి తోడు కుట్లు తెగుతాయేమోనన్న భయంతో వచ్చిన మోషన్‌ని ఆపేసుకుంటారు. ఆపిన కొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడ్డాక ముక్కక తప్పదు. మామూలుగా మెత్తగా వచ్చే మోషన్‌తో కుట్లు తెగవు. ముక్కితేనే ఇబ్బంది.

మొదటి మోషన్ మూడో నాలుగో రోజుకి రావడం మామూలే. దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఇంటికొచ్చిన రోజు నుంచే డాక్టరు రాసిన మందు మొదలుపెట్టండి. లాక్టులోజ్ సిరప్ అయితే పెద్దవాళ్లకు సాధారణంగా రాత్రి 15 నుంచి 30 మి.లీ. రాస్తారు. మోషన్ నీళ్లలా అయితే మోతాదు తగ్గించాలి, పూర్తిగా మానేయకూడదు, మానితే మూడు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. కడుపు కొద్దిగా ఉబ్బి గ్యాస్ పోవడం ఈ మందుకి ఉన్నదే. ఇసబ్‌గోల్ వాడేవాళ్లు ఒకటి రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగేసి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే అదే లోపల ముద్దకట్టి మలబద్ధకాన్ని పెంచుతుంది. వేరే మాత్రలకూ దానికీ రెండు గంటలు ఎడం ఉంచండి.

పగలంతా కలిపి రెండు లీటర్ల నీళ్లు పడాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టరు చెప్పిన లెక్కకే ఉండాలి. బొప్పాయి, జామ, తోటకూర, బీరకాయ, సొరకాయ, జొన్నరొట్టె, పలచని మజ్జిగ రోజూ తింటే మందు అవసరం తగ్గుతూ వస్తుంది.

కూర్చునే పద్ధతి కూడా ఉంది. పాదాలు పీట మీద పెడితే మోకాళ్లు తొడల మొదలు కంటే పైకి వస్తాయి. కొద్దిగా ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. పొట్ట వదులుగా వదిలేసి, నోరు తెరిచి మెల్లగా ఊపిరి వదలండి. వెనక వైపు కుట్లు పడ్డవాళ్లు శుభ్రమైన ప్యాడ్‌ని అరచేత్తో కింద, కుట్ల మీద మెత్తగా అదిమి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది, నొప్పీ తగ్గుతుంది. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయండి. నాలుగు రోజులు దాటినా రాకపోతే ఫోన్ చెయ్యండి. ఎవరో చెప్పారని ఎనిమా చేసుకోవడం, మలద్వారంలో మాత్ర పెట్టుకోవడం డాక్టరుని అడక్కుండా వద్దు.

మూత్రం

ఆపరేషన్‌లో మూత్రం కోసం వేసిన పైపు తీశాక మూత్రసంచికి తన పని మళ్లీ గుర్తురావడానికి కొన్నాళ్లు పడుతుంది. లోపలి వాపు వల్ల ధార సన్నగా రావచ్చు, నిండినా తెలియకపోవచ్చు. వచ్చినా రాకపోయినా పగలు మూడు గంటలకోసారి వెళ్లండి. పోశాక వెంటనే లేవకుండా ముందుకి వంగి కొద్దిసేపు ఆగి, మళ్లీ ఒకసారి ప్రయత్నించండి. మిగిలిపోయింది కూడా వస్తుంది. ఆరు గంటలు గడిచినా రాకపోయినా, చుక్కలు చుక్కలుగా వస్తూ పొత్తికడుపు బిగుసుకుంటున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మళ్లీ కొన్నాళ్లు పైపు వేస్తారు, అంతే. దాంతో ఆపరేషన్ పాడైనట్టు కాదు.

పైపుతోనే ఇంటికి పంపినవాళ్లు సంచిని ఎప్పుడూ నడుము కంటే కిందే ఉంచాలి, కానీ నేలకి తగలకూడదు. మంచం పక్క పట్టీకి తగిలించండి. మూడింట రెండు వంతులు నిండగానే, చేతులు సబ్బుతో కడుక్కుని ఖాళీ చెయ్యండి. పైపు మడత పడిందా, తొడ కింద నలిగిందా అని పడుకునే ముందు ఒకసారి చూడండి. మూత్రం ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఆ మడతే.

బరువు

ఆరు వారాల దాకా మూడు కిలోలు దాటకూడదు, మూడు నెలల దాకా ఐదు కిలోలు. వినడానికి తేలికే, కానీ మన ఇళ్లలో వస్తువుల బరువు మనకి లెక్కలోకి రాదు. పది లీటర్ల బకెట్ నిండితే పది కిలోల పైమాటే. నీళ్ల బిందె 12 నుంచి 15. ఆర్వో నీళ్ల టిన్ను 20. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30, దాన్ని ఎత్తకుండా దొర్లించినా, కాలితో తోసినా ఒత్తిడి ఒత్తిడే. అన్నం ఉడికిన ఐదు లీటర్ల కుక్కర్ కూడా ఐదు కిలోల దగ్గరికి వస్తుంది. పిండి రుబ్బే గ్రైండర్ గిన్నె ఎత్తడం, తడి దుప్పట్లు పిండడం, పరుపు ఎత్తి దులపడం, బీరువా జరపడం కూడా ఇందులోకే వస్తాయి.

మనవలు, మనవరాళ్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అక్కడ మనసు ఆగదు. రెండేళ్ల పిల్లాడు 11, 12 కిలోలు ఉంటాడు. పరిగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకుంటే ఎత్తుకోకుండా ఉండడం కష్టం. మీరు కుర్చీలో కూర్చోండి, ఎవరినైనా వాణ్ని తెచ్చి మీ పక్కన కూర్చోబెట్టమనండి. ఈ మాట ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచాలి. "కాస్త పిల్లాణ్ని పట్టుకో అత్తయ్యా" అని కోడలు అలవాటుగా చేతికిచ్చేస్తుంది, అది ఆమె తప్పు కాదు, ఆమెకి ఎవరూ చెప్పకపోవడం తప్పు.

చిన్న వస్తువైనా ఊపిరి బిగబట్టి ఎత్తకండి. ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఊపిరి వదులుతూ ఎత్తండి. వంగి చీపురుతో ఊడవడం, ముగ్గు వెయ్యడం ఆరు వారాలు, గొంతుక్కూర్చుని బట్టలుతకడం, గిన్నెలు తోమడం మూడు నెలలూ ఇంకొకరివి. నిలబడి కూర తిప్పడం, కుర్చీలో కూర్చుని కూరగాయలు తరగడం, బట్టలు మడవడం రెండో వారం నుంచి చేసుకోవచ్చు.

నడక మాత్రం మొదటి రోజు నుంచే. మొదటి వారం ఇంట్లోనే ఐదేసి నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. రెండో వారం వాకిట్లో పదేసి నిమిషాలు. నాలుగో వారానికి ఒకేసారి ఇరవై, ముప్ఫై నిమిషాలు. పడుకున్నప్పుడు గంటకోసారి పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించండి. నడక, ఈ పాదాల కదలిక కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కాపాడతాయి. మెట్లు మెల్లగా, కమ్మీ పట్టుకుని ఎక్కచ్చు. గతుకుల రోడ్డు మీద ఆటో, బండి వెనక సీటు మొదటి మూడు నాలుగు వారాలు తప్పించండి. తప్పనిసరైతే కారు, అదీ లేకపోతే బస్సులో ముందు వైపు సీటు.

దగ్గు, చుట్ట

ఒక్కో దగ్గుకీ పొట్టలోంచి కిందికి గట్టిగా ఒత్తిడి పడుతుంది. రాత్రంతా దగ్గితే ఆ దెబ్బలు వందల్లోకి వెళతాయి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ మానకూడదు. దగ్గు మూడు రోజులైనా తగ్గకపోతే చూపించుకోండి, ఇంట్లో కషాయాలతో వారాలు గడపకండి. దగ్గో తుమ్మో వచ్చేటప్పుడు కూర్చుని కొద్దిగా ముందుకి వంగి, ప్యాడ్ మీద చెయ్యి అదిమి పట్టుకోండి. కట్టెల పొయ్యి దగ్గర కూర్చోవద్దు. బాలింతకి వేసినట్టు సాంబ్రాణి పొగ కిందినుంచి వేస్తామని పెద్దవాళ్లు అంటారు, ఆ పొగ గాయానికి ఏ మేలూ చెయ్యదు, దగ్గు తెప్పిస్తుంది, కాలే ప్రమాదమూ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పెద్ద వయసు ఆడవాళ్లలో చుట్ట, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం) అలవాటున్నవాళ్లు ఉన్నారు. చుట్ట వల్ల దగ్గు పెరగడమే కాదు, గాయం కూడా ఆలస్యంగా మానుతుంది. మూడు నెలలు మానిపించగలిగితే అక్కడితో మళ్లీ మొదలుపెట్టనివ్వకండి.

ప్యాడ్ మీద కనిపించేవి, స్నానం, పథ్యం

మొదటి రెండు మూడు వారాలు గులాబీ, గోధుమ రంగు మరక మామూలు. ఆ తర్వాత దారం కరుగుతున్నంత కాలం లేత పసుపు, మీగడ రంగు తెల్లబట్ట అవుతుంది, ఆరు వారాల దాకా ఉండచ్చు. చిన్న దారం ముక్కలు ప్యాడ్ మీద పడితే కంగారు పడకండి, లాగకండి కూడా. వారం నుంచి రెండు వారాల మధ్య కొద్దిగా ఎర్రటి రక్తం కనిపించవచ్చు. అది పెరుగుతుంటే, లేదా చెడు వాసన తోడైతే, లోపల ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు. ప్యాడ్ ఐదారు గంటలకోసారి మార్చండి. బట్ట వాడితే ఉతికి ఎండలో ఆరేసిందే వాడాలి.

రోజూ గోరువెచ్చని నీళ్లతో స్నానం చెయ్యండి. మోషన్ అయ్యాక ముందు నుంచి వెనక్కి కడిగి, మెత్తని బట్టతో అద్దుకోండి. డెట్టాల్ నీళ్లు, పసుపు నీళ్లు లోపలికి పొయ్యకూడదు. చెరువులో, కోనేట్లో, నదిలో మునిగే మొక్కు ఉంటే ఆరు వారాల చెకప్ అయ్యేదాకా వాయిదా వెయ్యండి.

పథ్యం పేరుతో చాలా ఇళ్లలో కారంపొడి, పాత చింతకాయ పచ్చడి తప్ప ఇంకేం పెట్టరు, నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయని చెంబుకి కొలత పెడతారు. చీము పట్టేది నీళ్ల వల్ల కాదు, సూక్ష్మజీవుల వల్ల. అదుపులో లేని షుగర్ దానికి దారి తీస్తుంది. పప్పు, గుడ్డు, పాలు, చేప, కోడిమాంసం, ఆకుకూర, ఏది అలవాటుంటే అది పెట్టండి, కొత్త కండ పెరగడానికి ప్రొటీన్ కావాలి. షుగర్ ఉన్నవాళ్లు గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ, మాత్రలు వేళకి వేసుకోవాలి. బాలింతలకు కట్టినట్టు నడుముకి గట్టిగా చీర బిగించి కట్టడం కూడా ఈ ఆపరేషన్‌కి పనికిరాదు. పొట్ట బిగించిన కొద్దీ ఒత్తిడి కిందికే దిగుతుంది.

నొప్పికి పారాసెటమాల్ 650 మి.గ్రా. రాసి ఉంటే మొదటి నాలుగైదు రోజులు ఆరు గంటల ఎడంతో వేళకి వేసుకోండి, రోజుకి నాలుగు దాటకూడదు. మధ్యలో జలుబు మాత్ర ఏదైనా వేసుకుంటే అందులో కూడా పారాసెటమాల్ ఉండచ్చు, చూసుకోండి. మెడికల్ షాపులో అడిగి ఇంకో నొప్పి బిళ్ల తెచ్చుకోవద్దు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లయితే అసలు వద్దు. జారిన భాగాన్ని లోపలి లిగమెంటుకి (ఎముకల్ని కలిపే గట్టి పట్టీకి) ఆనించి కుట్టినవాళ్లకి ఒక వైపు పిరుదులో పోటు రావచ్చు, సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. కాలు కిందికి తిమ్మిరిగా పాకుతుంటే మాత్రం చెప్పాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసినవి

గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోయేంత రక్తం, లేదా పెద్ద గడ్డలు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, ఆ పైన జ్వరం, వణుకు. కుళ్లిన వాసన స్రావం. మూత్రం రాకపోవడం, మంట, నడుము పక్కన భరించలేని నొప్పి. తెలియకుండానే పగలూ రాత్రీ మూత్రం కారుతూ బట్టలు తడవడం, దీన్ని సిగ్గుతో దాచేవాళ్లు ఉన్నారు, దాచవద్దు, ఎంత త్వరగా చెబితే అంత తేలిగ్గా సరిచెయ్యచ్చు. ఆగని వాంతులు, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోవడం. ఒక్క కాలి పిక్కే వాచి, నొక్కితే నొప్పి పెట్టడం. హఠాత్తుగా ఆయాసం, గుండెల్లో నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి దూరమైతే దగ్గర్లో ఉన్నదానికే ముందు వెళ్లండి, డిశ్చార్జి కాగితం మాత్రం చేతిలో ఉండాలి.

ఆరు వారాల చెకప్, ఆ తర్వాత

తీసిన గర్భసంచిని పరీక్షకి పంపుతారు, ఆ బయాప్సీ రిపోర్టు ఎవరూ ఇంటికి పంపరు. చెకప్‌కి వెళ్లినప్పుడు అడిగి తీసుకుని డాక్టరుకు చూపించండి. ఆరోగ్యశ్రీలో చేయించుకున్నవాళ్లు ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని కలిస్తే కాగితాల పని తేలికవుతుంది. లోపల మెష్ (ఆసరాగా పెట్టే వల) వేశారా అని అడిగి రాయించుకోండి, పదేళ్ల తర్వాత వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ సంగతి తెలియాలి. ముట్లుడిగినవాళ్లకి లోపలి చర్మం పలచబడి ఉంటుంది, ఈస్ట్రోజెన్ క్రీము అవసరమా అని అడగండి. దాంపత్యం ఈ చెకప్ అయ్యి, డాక్టరు సరేనన్నాకే. ఈ మాట భర్తకి డాక్టరు చేత చెప్పిస్తే ఇంట్లో గొడవ ఉండదు.

కటి కండరాల వ్యాయామం సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల మధ్య, డాక్టరు ఒప్పుకున్నాక మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. గాలి పోకుండా ఆపుకున్నట్టు మలద్వారాన్ని, అలాగే దాని ముందున్న కండరాన్ని లోపలికీ పైకీ లాగి ఐదు లెక్కపెట్టండి, వదిలేసి ఐదు లెక్కపెట్టండి. ఇలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. వారాలు గడిచేకొద్దీ పది లెక్క దాకా పెంచాలి. పిరుదులు, తొడలు బిగుసుకుంటున్నాయంటే తప్పు కండరం పని చేస్తోందన్నమాట. ఊపిరి బిగబడితే ఒత్తిడి కిందికి పోతుంది, పైకి వినపడేలా లెక్కపెడుతూ చేస్తే ఆ తప్పు జరగదు. మూత్రం మధ్యలో ఆపి అలవాటు చెయ్యకండి, మూత్రం మిగిలిపోతుంది. ఈ వ్యాయామం మూడు నెలలతో ఆగేది కాదు. ఆపరేషన్ బాగా జరిగినా కొందరికి ఏళ్ల తర్వాత మళ్లీ జారుతుంది, బరువు, మలబద్ధకం, దగ్గు అదుపులో ఉన్నవాళ్లకి ఆ అవకాశం తక్కువ.

కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి ఆరు వారాలకి వెళ్లచ్చు. పొలం పని సంగతి అది కాదు. నాట్లు, కలుపు అంటే గంటల తరబడి వంగి ఉండడం, పత్తి ఏరడమంటే నడుముకి కట్టిన ఒడి నిండేకొద్దీ బరువు మోయడం, ఉపాధి పనిలో తట్ట నెత్తికెత్తుకోవడం. ఇవన్నీ మూడు నెలలు నిండాకే. ఆపరేషన్ తేదీ ఇంకా ఖాయం కానివాళ్లు ఇది చూసుకుని పెట్టుకుంటే మంచిది. పత్తి తీతలు అయ్యాక ఫిబ్రవరి, మార్చిలో చేయించుకుంటే నాట్ల నాటికి గడువు నిండుతుంది, ఎండల్లో నీళ్లు మాత్రం ఇంకా ఎక్కువ తాగాలి. పనిలోకి తిరిగి వెళ్లిన మొదటి పదిహేను రోజులు ఒక్క పూటే చెయ్యండి, తట్ట సగమే నింపించుకోండి, ఒడి సగం నిండగానే గట్టున పోసి రండి. సాయంత్రానికి కింద లాగినట్టు, బరువుగా ఉంటే మర్నాడు పని మానండి. రెండు వారాలైనా అలాగే ఉన్నా, ఏదో ఉబ్బెత్తుగా చేతికి తగులుతున్నా వెళ్లి చూపించుకోండి.